పన్నెండో పీత

మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా అన్నం డబ్బాల మీద పడితే, హైనింగ్ మాత్రం బడి వెనక నీళ్ళ ట్యాంకు చాటుకి వెళ్ళి నిలబడేది. ఆ దీవిలో గాలి తగలని చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్టోబరులో ఈశాన్యపు గాలి లేచిందంటే మళ్ళీ మార్చి దాకా దానిదే రాజ్యం. ఆరేసిన బట్టల మీద ఉప్పు పేరుకుంటుంది. పక్కన నడిచే మనిషి మాట నోట్లోంచి రాగానే ఎటో కొట్టుకుపోతుంది. అందుకే పెంఘూ దీవుల్లో ఎవరైనా ఫోన్ చేసుకోవాలంటే ముందు ఒక గోడ చూసుకుంటారు.

గోడ చూసుకుని, ఫోన్ తీసి, హైనింగ్ ఆ నంబరు నొక్కేది. అవతల ఒక్కసారి కూడా మోగేది కాదు. వెంటనే ఒక ఆడగొంతు, ఏ కోపమూ ఏ జాలీ లేని గొంతు, "మీ కాల్‌ను వాయిస్ మెయిల్‌కు పంపుతున్నాం, కూత వినబడ్డాక ఛార్జీ మొదలవుతుంది" అనేది. ఆ కూత వినబడకముందే హైనింగ్ పెట్టేసేది. ఛార్జీకి భయపడి కాదు. కూత తర్వాత తను మాట్లాడాలి కదా, ఆ భయం.

ఆ నంబరు వెన్‌చీది.

వెన్‌చీ, హైనింగ్ ఒకే ఏడు పుట్టారు, రెండు ఇళ్ళకీ మధ్య కూరపాదులకి గాలి తగలకుండా కట్టిన ఒక గోడ. ఒకతి వాగుడుకాయ, రెండోది నోట్లో నాలుక లేనిది. పంతులమ్మ ప్రశ్న హైనింగ్‌ని అడిగితే జవాబు వెన్‌చీ చెప్పేది. దుకాణంలో చిల్లర తప్పిచ్చినా హైనింగ్ తరఫున పోట్లాడేది వెన్‌చీయే. "నువ్వు మనసులో అనుకో చాలు, బయటికి నేనంటాను" అనేది. తొమ్మిదేళ్ళు అలాగే నడిచింది. హైనింగ్ చెప్పాలనుకున్నవి వెన్‌చీతో చెప్పేది, వెన్‌చీతో కూడా చెప్పలేనివి డైరీలో రాసుకునేది.

మొన్న అక్టోబరులో వెన్‌చీ వాళ్ళ నాన్న పడవ అమ్మేశాడు. వాళ్ళమ్మకి సముద్రం అవతల కావ్‌షుంగ్ నగరంలో అన్నం డబ్బాలు కట్టే దుకాణంలో పని దొరికింది. ఆ సంగతి వెన్‌చీ రెండు నెలల ముందే హైనింగ్ చెవిన వేసింది. విన్న రోజు నుంచీ హైనింగ్ ఉలకలేదు, పలకలేదు. చివరికి వారం రోజులుందనగా వెన్‌చీ గోడ మీంచి వంగి, "ఒక్క మాటైనా అనవేమే? 'వెళ్ళకు' అనైనా అనొచ్చుగా!" అని అరిచింది.

హైనింగ్ తలెత్తకుండా బీరకాయలు కోస్తూ, "వెళ్ళేదానివి వెళ్ళు" అంది.

ఆ రెండు ముక్కలే అంది. అనాలనుకున్నవి ముప్పై ఉన్నాయి.

ఓడ బయల్దేరే రోజు పొద్దున్నే వెన్‌చీ వచ్చి గుమ్మం ముందు నిలబడి పేరు పెట్టి పిలిచింది. మూడుసార్లు పిలిచింది. హైనింగ్ వెనక కూరపాదుల్లో, పగడపురాళ్ళ గోడకి వీపు ఆనించి, మోకాళ్ళలో ముఖం పెట్టుకుని కూర్చుంది. లేద్దామనే అనుకుంది. లేస్తే ఏడుపొస్తుంది, ఏడిస్తే రేవులో అందరూ చూస్తారు. ఇంకొక్కసారి పిలిస్తే వెళ్దాం అనుకుంది. నాలుగోసారి పిలవలేదు. కాసేపటికి ఓడ కూత వినబడింది.

అదిగో, అప్పట్నుంచీ ఫోన్ కూతంటే కూడా ఆ పిల్లకి గుండె జారిపోతుంది.

డిసెంబరు వచ్చేసరికి వెన్‌చీ ఖాళీ చేసిన బల్లలో జూపింగ్ అనే పిల్ల వచ్చి కూర్చుంది. పక్కనున్న చిన్న దీవిలో పిల్లలు లేక బడి మూసేస్తే ఇక్కడికి మారింది. చిన్న దీవి నుంచి వచ్చినా నోరు మాత్రం పెద్దది. వాళ్ళక్క మగోంగ్ పట్నంలో ఫోన్ల షాపులో పనిచేస్తుంది. ఆ ఒక్క కారణానికే ప్రపంచంలోని ఫోన్లన్నిటికీ తనే డాక్టరన్నట్టు ఉండేది.

"రోజూ ఆ ట్యాంకు దగ్గర ఏం తపస్సు చేస్తున్నావే?" అని అడిగిందొకరోజు.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి రోజూ ఫోన్ చేస్తారా? ఎవరతను?"

హైనింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "అతను కాదు. ఇక్కడ కూర్చునే పిల్ల."

"ఇక్కడా? నా బల్లలోనా?" జూపింగ్ బల్ల వైపు చూసుకుంది. చెక్క మీద పిన్నుతో గీసిన రెండు పేర్లు రోజూ చూస్తూనే ఉంది గానీ ఎవరివో ఇప్పటిదాకా అడగలేదు. "ఓహో, వెన్‌చీ అంటే ఆ పిల్లా! ఎత్తడం లేదా?"

"మోగడమే లేదు. నేరుగా ఆ ఆవిడ మాట్లాడుతుంది."

"ఎప్పుడు చేసినా?"

"ఎప్పుడు చేసినా. ఓసారి సాయంత్రం ఏడింటికి కూడా చేశా."

"మెసేజి?"

హైనింగ్ ఫోన్ తెరిచి చూపించింది. నవంబరు మూడో తారీకున పంపిన ఒకే ఒక్క మెసేజి. 'ఎలా ఉన్నావు?' పక్కన పంపిన టైముంది. దాని కింద 'చదివారు' అనే చిన్న గుర్తు పడాలి. నెలరోజులైనా పడలేదు.

జూపింగ్ నాలుక చప్పరించింది, రోగి నాడి చూసిన వైద్యుడిలా. "తల్లీ, నిన్ను బ్లాక్ చేసింది."

ఆ మాట హైనింగ్‌కి తెలియనిది కాదు. రాత్రుళ్ళు తనే అనుకుని, తనే కాదనుకున్న మాట. ఇంకొకరి నోట వింటే మాత్రం చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించినట్టయింది.

"అవునో కాదో ఖాయంగా తెలుసుకోవచ్చా?" అని మాత్రం అడిగింది.

"ఎందుకు తెలుసుకోలేం! ఆదివారం మా ఇంటికి రా."

ఆదివారం మధ్యాహ్నం జూపింగ్ వాళ్ళ ఇంటి వెనక, వలలు ఆరేసే గోడ చాటున ఇద్దరూ కూర్చున్నారు. వేయించిన వేరుశెనక్కాయలు మధ్యలో పెట్టుకున్నారు. హైనింగ్ ఒక్కటి కూడా ఒలవలేదు.

"మొదటి పరీక్ష" అంది జూపింగ్. "నా ఫోన్లోంచి చేద్దాం. నా నంబరు ఆ పిల్లకి తెలీదు కదా. నాది మోగి నీది మోగలేదంటే, నిన్ను బ్లాక్ చేసినట్టే."

నంబరు హైనింగే నొక్కింది. చూడకుండా నొక్కగలదు. ఫోన్ చెవిన పెట్టుకుంది.

మోగింది.

రెండు నెలల తర్వాత మొదటిసారి ఆ నంబరు మోగింది. రెండు, మూడు, నాలుగు. హైనింగ్ ఊపిరి తీసుకోవడం మర్చిపోయింది. ఆరోసారి మోగుతుంటే సగంలో ఆగి, "హలో?" అని వినబడింది.

అదే గొంతు. కొంచెం జలుబు చేసినట్టుంది.

"హలో? ఎవరు?"

హైనింగ్ నోరు తెరిచింది. గోడ మీంచి గాలి ఒక్కసారి హోరున దిగి, వలలన్నీ లేచి పడ్డాయి. ఆ పిల్ల వేలు తనంతట తనే ఎర్ర బొత్తాం మీద పడింది.

"ఏంటే, పెట్టేశావా!" జూపింగ్ నెత్తి బాదుకుంది. "మాట్లాడాల్సిన నోరు ఊరుకుంటే, పెట్టేసే వేలు పనిచేసింది! సరే పో, మనకి కావాల్సింది తేలిపోయిందిగా. నాది మోగింది."

"జలుబు చేసింది దానికి" అంది హైనింగ్.

"ఎవరికి?"

"ఏం లేదు."

"రెండో పరీక్ష" అంటూ జూపింగ్ హైనింగ్ ఫోన్ లాక్కుంది. "ఇది మా అక్క చెప్పింది. మెసేజీల యాప్‌లో స్టిక్కర్లు కొని అవతలి వాళ్ళకి కానుకగా పంపొచ్చు కదా. నిన్ను బ్లాక్ చేసిన వాళ్ళకి పంపబోయావనుకో, పంపనివ్వదు. 'ఈ స్టిక్కర్లు వారి దగ్గర ఇప్పటికే ఉన్నాయి' అని చూపిస్తుంది. పాపం మొహం మీద 'బ్లాక్' అంటే బాధపడతారని అలా మర్యాదగా చెబుతుందన్నమాట."

"నిజంగానే వాళ్ళ దగ్గర ఉంటే?"

"అదే కిటుకు! నిజంగా ఉన్నా అదే మాట వస్తుంది. అందుకని ఎవరూ కొనని స్టిక్కర్లు ఎంచుకోవాలి. ఇదిగో, ఈ బట్టతల మల్లయోధుల్ని చూడు. ఏ ఆడపిల్లా కొనదు. పంపనా?"

హైనింగ్ గాభరాగా ఫోన్ పట్టుకుంది. "వద్దు! ఒకవేళ వెళ్ళిపోతే? రెండు నెలలయ్యాక దానికి నేను పంపేది బట్టతల మల్లయోధులా?"

"వెళ్ళదే బాబూ."

"వెళ్తే?"

జూపింగ్ నిట్టూర్చింది. "అయితే నువ్వే ఎంచుకో. భూమ్మీద ఎవరూ కొననిది అయ్యుండాలి."

భూమ్మీద ఎవరూ కొననిది హైనింగ్‌కి ఒకటి తెలుసు.

రేవులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆగ్వాంగ్ బాబాయికి బొమ్మల పిచ్చి. చలికాలం పడవలు కదలనప్పుడు ఖాళీగా కూర్చుని, కూతురి పాత ట్యాబ్ మీద వేలితో గీసి, నలభై పీత బొమ్మలు స్టిక్కర్లుగా పెట్టాడు. ఆ పీతకి ఎడం పక్క మూడు కాళ్ళు, కుడి పక్క అయిదు. పక్కన ఊరి ముసలాళ్ళ మాటలు రాశాడు. 'తిన్నావా?' అనే పీత, 'గోడ పట్టుకో!' అనే పీత, 'వాగకు, పని చూడు' అని డెక్క ఎత్తి తిట్టే పీత. మొహమాటానికి ఊళ్ళో పదకొండు మంది కొన్నారు. పన్నెండోది ఎప్పుడు అమ్ముడవుతుందా అని ఏడాదిగా ఆయన ఎదురుచూస్తున్నాడు. వెన్‌చీ అయితే ఆ పీతని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "దీన్ని డబ్బులిచ్చి ఎవడు కొంటాడు బాబాయ్! ఊళ్ళోవాళ్ళకి రోజూ ఈ తిట్లు ఉచితంగానే దొరుకుతుంటే!" అని ఆయన మొహం మీదే అంది.

కాబట్టి పీతే సరైనది. ఒకవేళ పొరపాటున వెళ్ళిపోయినా, వెన్‌చీ కాస్త నవ్వుతుంది.

హైనింగ్ పీతని ఎంచుకుంది. కానుక అని నొక్కింది. వెన్‌చీ పేరు నొక్కింది. తెర మీద చిన్న చక్రం తిరిగింది. తర్వాత అక్షరాలు వచ్చాయి.

'ఈ స్టిక్కర్లు వారి దగ్గర ఇప్పటికే ఉన్నాయి.'

జూపింగ్ ఒక వేరుశెనక్కాయ ఒలిచి గింజలు హైనింగ్ చేతిలో పెట్టింది. "పోనీలే. మా అక్కని కూడా ముగ్గురు బ్లాక్ చేశారు" అంది. ఓదార్పులో జూపింగ్‌కి అంతకంటే తెలీదు.

ఆ రోజు నుంచీ హైనింగ్ ట్యాంకు దగ్గరికి వెళ్ళడం మానేసింది. డైరీలో, 'తేలిపోయింది' అని ఒక్క మాట రాసి పేజీ తిప్పింది.

తేలిపోయిందని రాసినంత తేలిక కాలేదు. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు జవాబు కోసం ఇంకా పక్కకే చూసేది. పక్కన జూపింగ్ కనబడేది. కూరపాదుల దగ్గరికి వెళ్తే చూపు గోడ మీదికి పోయేది, అక్కడ రెండు మోచేతులు ఆనించి వేలాడే మనిషి కోసం. చేసిన తప్పుకి తగిన శిక్షే పడిందనుకునేది. మూడుసార్లు పిలిచినా పలకనిదాని కోసం ఎవరు మాత్రం తలుపు తీసుకుని కూర్చుంటారు? అయినా ఆ 'హలో?' మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుంది. జలుబు తగ్గిందో లేదో.

ఒకరోజు రేవు దగ్గర ఆగ్వాంగ్ బాబాయి ఎదురై, ఐసు గడ్డలు మోస్తున్న బండి ఆపి మరీ చెప్పాడు. "పన్నెండు! విన్నావా పిల్లా? నా పీత పన్నెండోసారి అమ్ముడైంది!"

"ఎవరు కొన్నారు బాబాయ్?"

"ఎవరో ఎలా తెలుస్తుంది, లెక్క మాత్రమే చూపిస్తుంది. ఊళ్ళో మాత్రం కాదు, ఇల్లిల్లూ తిరిగి అడిగా. అక్టోబరులోనే కొన్నారంట, నేనే చూసుకోలా. బయటి ప్రపంచంలో నాకు అభిమానులున్నారన్నమాట!" అని గుండె మీద కొట్టుకున్నాడు.

హైనింగ్ మర్యాదకి నవ్వింది. అంతకుమించి ఆలోచించలేదు.

జనవరి చివర్లో ఒక శనివారం నానమ్మ ఫోన్ మొరాయించింది.

నానమ్మకి చదువు రాదు గానీ పొద్దున్నే పూల బొమ్మలు పంపుకోవడం వచ్చు. తామరపువ్వు మీద 'శుభోదయం', కొండ మీద సూర్యుడు, పిల్లిపిల్ల మీద 'ఆరోగ్యమే మహాభాగ్యం'. గుడి బృందంలో నలభై మంది ముసలమ్మలు రోజూ నలభై పంపుతారు, ఈవిడా అందరికీ పంపుతుంది. మూడేళ్ళ పువ్వులు పేరుకుపోయి ఫోన్లో సూది మోపే చోటు లేకుండా పోయింది.

"ఏమేవ్, ఇది ఉక్కిరిబిక్కిరి అవుతోంది, కాస్త చూడు" అని హైనింగ్ చేతికిచ్చింది నానమ్మ. "పూలు తీసెయ్. నా మనుషుల్ని మాత్రం తీసెయ్యకు."

"నీ మనుషులెవరు నానమ్మా, వంద మంది ఉన్నారు!"

"వందమందీ నా మనుషులే."

అమ్మా నాన్నా పడవ మీద ఉన్నారు. బయట గాలి కిటికీ రెక్కల్ని దడదడలాడిస్తోంది. నానమ్మ ఎండుచేపల తలలు తుంచుతుంటే, హైనింగ్ పక్కన కూర్చుని ఒక్కొక్కరి మెసేజీల వరసా తెరిచి పూలు తుడిచేస్తూ వచ్చింది. తామరలు, గులాబీలు, బుద్ధుళ్ళు, ఇంకా తామరలు. అలా కిందికి జారుతుంటే ఒక చోట వేలు ఆగిపోయింది.

పీత.

ఆ వరసంతా పీతలే. రోజుకొకటి. పీత కింద నానమ్మ పంపిన తామరపువ్వు, దాని కింద మర్నాటి పీత, మళ్ళీ తామర. పైకి జరిపితే జరిపినంత దూరం పీతా తామరా, పీతా తామరా. హైనింగ్ పైనున్న పేరు చూసింది. మళ్ళీ చూసింది.

వెన్‌చీ.

"నానమ్మా, ఈ పీతలు..."

"అది మన ఆగ్వాంగ్‌గాడు" అంది నానమ్మ, చేప మీంచి కళ్ళెత్తకుండా. "పీతలు వాడివే కదా. రోజూ ఆరూ పదికి ఠంచనుగా పంపుతాడు, పాపం. నేనూ ఒక పువ్వు పడేస్తా."

"ఆగ్వాంగ్ బాబాయి కాదు నానమ్మా. వెన్‌చీ."

నానమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "వెన్‌చీయా? మన వెన్‌చీ? ఈ ఫోన్లో ఈ తంతంతా నాకు నేర్పించిందే ఆ పిల్ల కదే! మరి పేరు చెప్పదేం?"

"పేరు రాసే ఉంది."

"రాసి ఉంటే నాకేం తెలుస్తుంది? బొమ్మ చూసి మనిషిని పోల్చుకునేదాన్ని నేను." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అదీ సంగతి! మొన్న ఎనిమిదో తారీకున, పుట్టినరోజుకి వండే పంది కాలి సేమ్యా తినే పీతని పంపింది. నా పుట్టినరోజు కాదే, వీడికి మతి గానీ పోయిందా అనుకున్నా" అంది.

ఎనిమిదో తారీకు హైనింగ్ పుట్టినరోజు.

హైనింగ్ ఆ వరసంతా మొదటి నుంచీ చూసింది. మొదటి పీత అక్టోబరు ఇరవై ఆరున, వెన్‌చీ వెళ్ళిన నాలుగో రోజున. దీవికి పడవలు ఆగిపోయిన పెనుగాలి రోజుల్లో 'గోడ పట్టుకో!' పీత. ఊరి గుడి ఉత్సవం నాడు డోలు కొట్టే పీత. కావ్‌షుంగ్‌లో గాలి ఎక్కడుంది, గోడ ఎక్కడుంది? ఆ పిల్ల పొద్దున్నే లేచి ఇక్కడి వాతావరణం చూసుకుని మరీ పీతని ఎంచుకుంటోంది.

అప్పుడు తెలిసింది హైనింగ్‌కి. 'ఈ స్టిక్కర్లు వారి దగ్గర ఇప్పటికే ఉన్నాయి' అంటే మర్యాదకి చెప్పిన అబద్ధం కాదు. ఉన్నాయి. నిజంగానే ఉన్నాయి. భూమ్మీద ఎవరూ కొనని పీతని ఈ ఊరు వదిలి వెళ్ళిన మనిషి తప్ప ఇంకెవరు కొంటారు? ఆగ్వాంగ్ బాబాయి ఐసు బండి ఆపి మరీ చెప్పాడే, పన్నెండు అని!

మరి నంబరు ఎందుకు మోగలేదు?

"వాళ్ళ కొత్త బడిలో ఫోన్లు పొద్దున్నే లాగేసుకుంటారంట కదా" అని నానమ్మే అంది, అడగకుండానే. "చేపల రేవులో వాళ్ళ పిన్ని చెప్పింది. సంచిలో వేసి తాళం వేస్తారట, జైల్లో లాగా. మళ్ళీ సాయంత్రం ట్యూషన్, అక్కడా అంతేనంట. తొమ్మిదో తరగతి కదా, పరీక్షలని."

తను చేసినవన్నీ బడి రోజుల్లో, జూపింగ్ ఫోన్లోంచి చేసింది ఆదివారం.

"నాకెందుకు చెప్పలేదు నానమ్మా?"

"నువ్వడిగావా? దాని పేరెత్తితే లేచి వెళ్ళిపోయేదానివి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నేను నానమ్మని."

హైనింగ్ నవ్విందో ఏడ్చిందో నానమ్మకి అర్థం కాలేదు. చేపల చెయ్యి తుడుచుకోకుండానే మనవరాలి తల నిమిరింది.

ఆ సంతోషం గంటసేపు కూడా నిలవలేదు. తలుపు అవతల గడియ పెట్టి ఉందనుకున్నంత కాలం హైనింగ్ చెయ్యగలిగింది ఏమీ లేదు, ఏడ్చి ఊరుకోవడం తప్ప. ఇప్పుడు గడియ లేదని తెలిసింది. ఇక తలుపు తోసే పని తనదే. ఆ రోజు గుమ్మంలో మూడుసార్లు పిలిచిన మనిషి, ఆ తర్వాత తొంభై రోజులపాటు నానమ్మ ఫోన్ అనే పక్క కిటికీ దగ్గర నిలబడి పిలుస్తూనే ఉంది. నాలుగోసారి పిలిస్తే వెళ్దాం అనుకుంది తను. ఎన్ని నాలుగోసార్లు అయిపోయాయో!

మర్నాడు ఆదివారం. ఆరింటికే హైనింగ్ కోటు తొడుక్కుని, నానమ్మ ఫోన్ ఒక చేతిలో, తన ఫోన్ ఒక చేతిలో పట్టుకుని వంటింట్లో కూర్చుంది. నానమ్మ గంజి కాస్తూ ఓరగా చూసింది.

ఆరూ పదికి నానమ్మ ఫోన్ టింగుమంది.

'తిన్నావా?' అంది పీత, మూడు కాళ్ళ మీదా అయిదు కాళ్ళ మీదా వంకరగా నిలబడి.

అంటే ఈ క్షణాన వెన్‌చీ చేతిలో ఫోన్ ఉంది. హైనింగ్ తన ఫోన్లో ఆ నంబరు నొక్కింది. చెవిన పెట్టుకుంది. ఆ ఆడగొంతు వస్తుందేమోనని కళ్ళు మూసుకుంది.

మోగింది.

ఒకటి. రెండు. మూడోసారి మోగుతుంటే ఆగింది.

అవతల ఎవరూ 'హలో' అనలేదు. ఊపిరి మాత్రం వినబడింది. ఎర్ర బొత్తాం ఎక్కడుందో హైనింగ్ వేలికి తెలుసు. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుంది.

చివరికి వెన్‌చీయే అంది. "మళ్ళీ పెట్టేస్తావా?"

"...మళ్ళీనా?"

"డిసెంబరులో ఎవరో కొత్త నంబరు నుంచి చేసి, మాట్లాడకుండా పెట్టేశారు. వెనకాల గాలి హోరు వినబడింది. ఆ గాలి ఏ ఊరిదో నాకు తెలీదనుకున్నావా? ఫోన్ చేసి మాట్లాడని మనిషి నాకు ఈ లోకంలో ఒక్కతే తెలుసు."

"జలుబు తగ్గిందా?" అంది హైనింగ్.

అవతల ఒక నవ్వు సగంలో పుట్టి సగంలో ఆగింది. "అది డిసెంబరు జలుబే మొద్దూ. ఎప్పుడో తగ్గింది."

"నా మెసేజి చదవలేదు నువ్వు."

"తెరవలేదు, పైన కనబడిన ముక్కే చూశా. తెరిస్తే చదివినట్టు గుర్తు పడుతుంది, చదివాక జవాబు రాయాలి. 'ఎలా ఉన్నావు' అని పరాయిదానిలా అడిగితే ఏం రాయను? బాగున్నానని రాయనా? లేనని రాయనా? ఓడ తాడు విప్పేదాకా రేవులోనే నిలబడ్డా. నువ్వు వస్తావని."

దీనికి జవాబు తొంభై రోజులుగా హైనింగ్ దగ్గర ఉంది. డైరీలో పదిరకాలుగా రాసుకుంది. ఆ పిల్ల లేచింది. తలుపు తీసింది. గాలి లోపలికి దూసుకొచ్చి గంజి పొయ్యి ఆర్పేసింది. "ఏయ్!" అని నానమ్మ వెనక నుంచి కేకేసింది.

"ఏంటది? ఎటు వెళ్తున్నావ్?" అంది వెన్‌చీ ఫోన్లో.

హైనింగ్ నడిచింది. కూరపాదుల గోడ దాటింది. ఆ గోడ దాటితే ఇక చాటు లేదు. ఉప్పుతుంపర ముఖాన కొట్టింది. ఐసు ఫ్యాక్టరీ ముందు ఆగ్వాంగ్ బాబాయి చెయ్యి ఊపాడు, ఏదో అరిచాడు, వినబడలేదు. ముందుకి వంగి, గాలిని భుజంతో తోసుకుంటూ రేవు చివరిదాకా వెళ్ళింది. ఓడ తాళ్ళు కట్టే ఇనుప దిమ్మె దగ్గర ఆగింది. రెండు చేతులూ దోసిలిపట్టి ఫోన్ చుట్టూ గోడలా కప్పి, నోటి దగ్గర పెట్టుకుంది.

"రేవులో ఉన్నా."

"ఇప్పుడా వచ్చేది?" అంది వెన్‌చీ. ఏడుస్తోంది.

"ఆలస్యమైంది." హైనింగ్ గట్టిగా అరిచింది. ఆ గాలిలో మెల్లగా అంటే ఎవరికీ వినబడదు. అంత గట్టిగా ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆరోజు ఇంట్లోనే ఉన్నా. గోడ చాటున కూర్చున్నా. నువ్వు పిలవడం విన్నా. వెళ్ళకు అందామనుకున్నా!"

దూరాన వలలు సర్దుకునే ఇద్దరు ముసలాళ్ళు తలలు తిప్పి చూశారు. చూస్తే చూశారు.

"ఇంకోసారి అను" అంది వెన్‌చీ. "గాలికి సరిగ్గా వినబడలా."

వినబడిందని ఇద్దరికీ తెలుసు. అయినా హైనింగ్ ఊపిరి నిండా గాలి పీల్చుకుని, ఇంకోసారి అంది.